పైన పద్నాలుగు పేర్లు

నాలుగేళ్ల పాటు నేను ఒక బాణం గుర్తును చూస్తూ కూర్చున్నాను. చూశానే గానీ ఒక్కసారీ నొక్కలేదు. నా తెలివితక్కువతనానికి ఇంతకంటే పొట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

తొంభైల చివర్లో సబ్హాన్‌లో, ఒక గోదాముల కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అమలాపురంలో టైపు నేర్చుకున్న ధైర్యంతో కువైట్ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్న రకం. మౌసు ఇచ్చారు గానీ, ఏసీ గాలికి కాగితాలు ఎగరకుండా దాన్ని బరువుగా పెట్టిన రోజులే ఎక్కువ. కంపెనీ కోసం ఎవరో రాసిచ్చిన ప్రోగ్రాం ఒకటి ఉండేది. అందులో సెలవు అడిగినవాళ్ల జాబితా తెరిస్తే పేరు, పని, ఇఖామా అనే నివాస అనుమతి గడువు, కిందటిసారి ఇంటికి వెళ్లొచ్చిన తేదీ (అసలు వెళ్లనివాళ్లకు కువైట్‌లో దిగిన తేదీ), ఇలా నిలువు వరసలు వచ్చేవి. 'పేరు' అన్న మాట పక్కన చీమంత బాణం. తెర మీద ఒకేసారి పద్నాలుగు పేర్లు పట్టేవి. మిగతావి చూడాలంటే కిందికి జరపాలి.

మా మేనేజరు జరిపేవాడు కాదు. మూడు నెలలకోసారి, శనివారం పొద్దున, నేను ఆయన గదికి వెళ్లి ఆయన కంప్యూటరులో ఆ జాబితా తెరవాలి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పైనుంచి ఒక్కో పేరూ చదివి 'జేన్' అనేవాడు. అరబ్బీలో సరే, బాగుంది అని అర్థం. నేను టిక్కు పెట్టేవాణ్ణి. పద్నాలుగోది అవగానే 'ఖలాస్' అని కుర్చీలో వెనక్కి వాలేవాడు. చెడ్డవాడు కాదు. పద్నాలుగు జేన్‌లు అనడానికి ఏనాడూ పిసినారితనం చూపలేదు. పదిహేనో మనిషి ఆయనకు కనబడలేదు, అంతే. కంపెనీ లెక్క పద్నాలుగేనేమో అని నేనూ అనుకున్నాను.

నా పేరు ఇంగ్లీషులో 'ఏ'తో మొదలవుతుంది. ఏటా ఎండాకాలం ఠంచనుగా ఇంటికి వెళ్లేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు పూతరేకులు తెచ్చి, వెళ్లలేనివాళ్లకు పంచి, సిస్టం అలా ఇచ్చింది, మన చేతుల్లో ఏముంది అని ఓదార్చేవాణ్ణి. పూతరేకు నోట్లో ఉన్న మనిషి ఎదురు ప్రశ్న వేయలేడు కదా.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు ఉండేవాడు. అతని పేరు 'వై'తో మొదలు. భార్యకు నాలుగో నెలప్పుడు విమానం ఎక్కాడు. కొడుకు పుట్టాడని టెలిఫోనులో విన్నాడు. పిల్లాడి పుట్టెంటికలు కొండగట్టులో తీయిస్తానని, తండ్రే వాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాలని ఆమె మొక్కుకుంది. ఒకటో ఏడు దాటిపోయింది. సరి ఏడాదిలో తీయరు కాబట్టి రెండో ఏడు లెక్కలో లేదు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. అదీ దాటితే మళ్లీ అయిదో ఏడే.

ఇంటి నుంచి ఫోటో వచ్చినప్పుడల్లా తెచ్చి నాకు చూపించేవాడు. మొదటి ఫోటోలో పిలక, తర్వాతి దాంట్లో రెండు పిలకలు, ఆఖరి దాంట్లో రిబ్బన్లు కట్టిన జడలు.

"వాడకట్టు పోరగాండ్లు వాణ్ని ఓ పిల్లా అని పిలుస్తున్నరంట అన్నా," అన్నాడు ఒకసారి. "వాడు గూడ పలుకుతుండంట. గదే నాకు భయం."

నవ్వాను. అతనూ నవ్వాడు గానీ, ఫోటోను జేబులో పెట్టుకునేటప్పుడు గుండీ పెట్టడం మరిచిపోయి రెండుసార్లు తడుముకున్నాడు.

అతను ముందే మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు. నాలుగోసారి పెట్టడానికి వచ్చిన రోజు, నేను వివరాలు కొడుతుంటే నా భుజం వెనకే నిలబడి తెర చూస్తున్నాడు. చదువు ఏడో తరగతి. లారీ అద్దాల్లో వెనక వచ్చేది కనిపెట్టే కళ్లు.

"అన్నా, గా పేరు పక్కన బాణం ఉన్నది గదా, గదేంది?"

"ఏమోనయ్యా, మొదట్నుంచీ అక్కడే ఉంది."

"రోడ్డు మీద బాణం ఉంటె అటు పోవాలె అని గదా. ఒకసారి ఒత్తరాదే."

ఒత్తాను. జాబితా మొత్తం తలకిందులైంది. అట్టడుగున ఉండే అతని పేరు మొదటి వరసలోకి వచ్చింది, నా పేరు కంటికి కనబడకుండా పోయింది. నాలుగేళ్లుగా సిస్టం అని నేను దణ్ణం పెట్టింది ఏబీసీడీలకని అప్పుడు తెలిసింది. పేరు ఏ అక్షరంతో మొదలైతే ఏంటి, మనిషి ఇంటికి వెళ్లడానికి!

అలాగే ఉంచేద్దాం, పైకొచ్చావుగా అన్నాను సిగ్గు దాచుకుంటూ. అతను ఒప్పుకోలేదు. మధ్యలో 'ఎమ్' వంటమనిషి ఉన్నాడు, తనకన్నా ముందు నుంచి ఆగుతున్నాడు, ఇటు తిప్పినా అటు తిప్పినా అతను పైకి రాడన్నాడు. అప్పుడు నాకు రెండో తెలివి పుట్టి, వెళ్లొచ్చిన తేదీ మీద నొక్కాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు పైకొచ్చారు, వాళ్లలో మొదటివాణ్ణి నేనే. మళ్లీ నొక్కాను. ఎన్నాళ్లుగానో ఇల్లు చూడనివాళ్లు వరసగా పైకి తేలారు. వంటమనిషి రెండు, డ్రైవరు నాలుగు.

"నీ పని ఖలాస్, టిక్కెట్టు కొనుక్కో," అన్నాను ఘనంగా.

శనివారం మేనేజరు గదిలో జాబితా తెరిచాను. మొదటి పేరు నాదే. నా కంప్యూటరులో నొక్కితే ఆయన కంప్యూటరులో మారదని నాకు ఎవరు చెప్పారు? ఆయన నా పేరు చదివి జేన్ అన్నాడు. తర్వాతిదానికీ జేన్ అన్నాడు. నేను టిక్కులు పెడుతూ పోయాను. అయిదో జేన్ దగ్గర ఫోను మోగింది. ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని మాట్లాడసాగాడు.

చేయి చాచాను. తొందరలో మొదటి దెబ్బ ఇఖామా గడువు మీద పడింది. రెండోది సరిగ్గా తేదీ మీద. మళ్లీ నేనే పైకొచ్చాను. మూడోది నొక్కేసరికి ఆయన ఇటు తిరిగాడు.

తెర చూశాడు. నన్ను చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. నా ఉద్యోగం ఆ గుడ్డ మడతల్లో ఉన్నట్టనిపించింది.

వేలు నాలుగో వరస మీద ఆనించి ఇతనెవరని అడిగాడు. లారీ డ్రైవరని చెప్పాను.

"ఇతను ఇంటికి వెళ్లి రాలేదా?"

"వచ్చాక వెళ్లలేదండీ. మూడేళ్లు దాటింది."

"నాకెందుకు చెప్పలేదు?"

మూడుసార్లు రాసి పెట్టాడనీ, మీరు తెర కిందికి జరపలేదనీ, జరపమని చెప్పాల్సిన నేను పూతరేకులు పంచుతూ తిరిగాననీ చెప్పాను. పూతరేకులు ఆయనకు అర్థం కాలేదు. మిగతాది అయింది. నేను అప్పటికే పెట్టిన అయిదు టిక్కులూ తీసెయ్యమన్నాడు. మళ్లీ మొదటి పేరు నుంచి, ఈసారి కొంచెం నెమ్మదిగా, పద్నాలుగు జేన్‌లు అన్నాడు.

మూడో ఏడు నిండడానికి పదకొండు రోజుల ముందు ఆ పిల్లాడికి గుండు అయింది. ఎత్తుకోబోతే ఎవరీయన అని గుక్కపట్టి ఏడ్చాడట. చంక మాత్రం దిగకుండానే మెట్లెక్కాడట, ఎత్తుకున్నవాడు వదలలేదు కాబట్టి. ఆ ఎండాకాలం నేను సబ్హాన్‌లోనే ఉండి చెమటలు కార్చాను. న్యాయం బాగానే ఉంటుంది గానీ, యాభై డిగ్రీల్లో కాస్త వేడిగా ఉంటుంది.

అప్పటి నుంచి జాబితా ఎప్పుడు తెరిచినా తేదీ మీదే నొక్కేవాణ్ణి. అయినా మేనేజరు తెర జరపడం మొదలుపెట్టలేదు. నాలో ఎక్కడో చిన్న కచ్చ మిగిలిపోయింది.

రెండేళ్ల తర్వాత ఆయనే సెలవు పెట్టాడు. ఆయన సెలవుకు సంతకం చేయాల్సింది కంపెనీ యజమాని. యజమానికి నేను జాబితా మొదటి పేజీ ప్రింటు తీసి పంపాలి. ఒక్క పేజీ చాలని ఆనవాయితీ పెట్టింది మేనేజరే. ఆయన చలికాలంలో ఊరెళ్లి వచ్చాడు కాబట్టి పేరు రెండో పేజీలో పడింది. చూశాను. మొదటి పేజీ పంపి ఊరుకున్నాను.

రెండో రోజు ఆయన, యజమాని సంతకంతో తిరిగొచ్చిన ఆ పేజీ పట్టుకుని, ఎన్నడూ లేనిది, నా బల్ల దగ్గరికి వచ్చాడు. తన పేరు ఏదని అడిగాడు. ఉందండీ, కొంచెం కిందికి జరపాలి అన్నాను. జరుపు అన్నాడు. నేను లేచి, కుర్చీ ఆయనకిచ్చి, కిందికి వెళ్లే మీట చూపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఒక్కో నొక్కుకు ఒక్కో పేరు. ముప్పై ఏడు నొక్కులు నొక్కాడు. ఒక్కటీ వదలకుండా పైకి చదివాడు. తన పేరు దగ్గరికి వచ్చి, ఈ పేజీ ప్రింటు ఎప్పుడు తీస్తావని మెల్లగా అడిగాడు.

రేపు ఇస్తానండీ అన్నాను. తీసింది అప్పుడే. ఇచ్చింది మాత్రం మర్నాడే.