ధర్మపురికి శుక్రవారమే ఎందుకు పోయినమంటే

అప్పటికి నేను ధర్మపురికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఎవరో ఒకరు చనిపోతేనే. చొప్పదండి చుట్టుపక్కల మా ఊళ్ళవాళ్ళకు గోదావరి అంటే అస్థికలు కలిపే చోటు. వ్యానులో పోవడం, నీళ్ళలో మునగడం, తడిచీర పిండుకొని మళ్ళీ వ్యానెక్కడం. నరసింహస్వామి గుడిని కూడా నేను వ్యాను కిటికీలోంచే చూశాను. ఆ గుడిలో యమధర్మరాజుకు వేరే గుడి ఉందని, బ్రహ్మదేవుడికి కూడా ఒక గుడి ఉందని, ఇసుకతో నిలబెట్టిన స్తంభం ఒకటి ఉందని నేను నడిపే అంగన్‌వాడీకి బిడ్డను తీసుకొచ్చే ఒకామె చెప్పేది. ఆమె పుట్టిల్లు ధర్మపురే. వినగా వినగా నాకొక కోరిక పుట్టింది. ఏడవకుండా ఒక్కసారి ఆ ఊరికి పోవాలి. మంచి చీర కట్టుకొని, నా పెనిమిటితో, పొద్దుగూకేదాకా తిరగాలి.

ఆయన మస్కట్‌లో డ్రైవర్. రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. ఆ నలభై రోజులు ఎట్లా కరిగిపోతాయో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇంట్లోవాళ్ళకే తెలుసు. మొదట చుట్టాలు చూడవస్తారు. తర్వాత మేము వాళ్ళను చూడబోవాలి. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, కాలిపోయిన బోరు మోటారు, పొలం గట్టు పంచాయతీ. అందుకే ఈసారి దిగిన రోజే చెప్పాను.

"నాకు ఒక్క దినం కావాలె. ధర్మపురి తోల్కపోవాలె. ఎవ్వరద్దు, పిల్లలు గూడద్దు."

"పోదాం తియ్. గదేమన్న పెద్ద ముచ్చటనా?" అన్నాడు.

ముప్పై రెండు రోజులు గడిచాక మళ్ళీ నేనే గుర్తు చేశాను. ఆదివారం పోదామన్నాను. ఆ రోజు నాకు సెంటర్ ఉండదు, ఎవరినీ బతిమాలే పని లేదు. ఆయన శుక్రవారమే అని పట్టుబట్టాడు.

"ఐతారం జనం మస్తుంటరు. దర్శనానికే పొద్దు పోతది. సుక్కురారం పోదాం."

"సుక్కురారం సెంటర్ ఎవరు నడిపిస్తరు?"

"ఒక్కనాడు సుట్టి పెట్టరాదు. నేను నలభై దినాలు పెట్టి రాలేదా?"

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, కడుపునొప్పి అని అబద్ధమాడి సెలవు తీసుకున్నాను. పిల్లలిద్దరినీ మా అవ్వ దగ్గర దింపాము.

శుక్రవారం తెల్లారి బండి తీస్తుంటే ట్యాంకు మీద తాడుతో కట్టిన అట్టడబ్బా కనిపించింది. చుట్టూ గోధుమరంగు టేపు, పైన నల్ల స్కెచ్ పెన్నుతో ఎవరిదో పేరు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు తమ సామానుతోపాటు తోటివాళ్ళ డబ్బాలు కూడా మోసుకొస్తారు. వచ్చిన వారంలోనే అన్నీ పంచేశాడనుకున్నాను.

"గిదేంది?"

"మా రూంల ఉండెటాయనది. వాళ్ళిల్లు ధర్మపురిలనే. రెండు నిమిషాల పని."

గంగాధర దాటి, జగిత్యాలలో ఇడ్లీ తిని బయలుదేరేసరికి గాలి చల్లగా ఉంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాను. ఆ రోజంతటిలో మంచిగా గడిచింది ఆ గంట ప్రయాణమే.

ధర్మపురిలో గుడి ముందు కొబ్బరికాయల దుకాణాల దగ్గర దిగుదామన్నాను. "ముందుగాల డబ్బా ఇచ్చేద్దాం, బరువు దిగుతది" అని బండి సందులోకి తిప్పాడు. దారి తెలియక ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. తెరమీద ఇనుప మంచం పై బంకు మీద పడుకున్న మనిషి కనిపించాడు. గడ్డం పెరిగి ఉంది. అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు.

"నమస్తే చెల్లె, బాగున్నవా? బావ, ఎడమకు తిరుగు. ఆఁ, గదే పిండి గిర్ని. జర ఫోన్ పైకి వట్టు. అరే, గా రేకుల ఇల్లు కూలగొట్టిన్రా? ఎన్నడు కూలగొట్టిన్రు?"

దారి చెప్పడం మానేసి అతను ఊరు చూడడం మొదలుపెట్టాడు. ఫలానా దుకాణం ముందు ఆగమన్నాడు, ఫలానా చేదబావిని చూపించమన్నాడు. నా పెనిమిటి ఒక చేత్తో బండి, ఒక చేత్తో ఫోన్ పట్టుకొని అన్నీ చూపిస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది. నేను దిగి బండి వెనుక నడిచాను.

తీరా పోతే ఇంటికి తాళం. అతని భార్య బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిందని, పదింటికల్లా వస్తుందని పక్కింటి ముసలమ్మ చెప్పింది.

"డబ్బా ఈ పెద్దవ్వ దగ్గర పెట్టి పోదాం. దర్శనం చేసుకొని మళ్ళొచ్చి కలుద్దాం" అన్నాను.

ఫోన్‌లోంచి అతను గాభరాగా అన్నాడు. "వద్దు బావ, వద్దు. ఆమె చేతికే ఇయ్యాలె. నువ్వు మాట ఇచ్చినవ్."

ఆయన నా వైపు చూడకుండా ఫోన్ జేబులో పెట్టాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. మూడు నెలలుగా ఆమె తన భర్త చేసే ఫోన్ ఎత్తడం లేదట. మేము పోయి డబ్బా చేతికిచ్చి, కాల్ కలిపి, ఇద్దరినీ మాట్లాడించాలట.

"గాయినకు జుమ్మనాడే సుట్టి" అన్నాడు. "మిగతా దినాలు పొద్దంత డ్యూటీలనే ఉంటడు."

శుక్రవారమే అని పట్టుబట్టి, నాతో సూపర్‌వైజరుకు అబద్ధం చెప్పించింది అందుకన్నమాట.

పదింటికి వస్తుందన్న మనిషి పదకొండున్నరకు వచ్చింది. నా ఈడుదే. చంకలో ఆకుల కట్ట, నెత్తిమీద కొంగు. మమ్మల్ని గుర్తుపట్టలేదు గానీ డబ్బా మీది పేరు చదవగానే ఎవరు పంపారో తెలిసిపోయింది. తలుపు తీసి, చాప వేసి, నీళ్ళిచ్చింది. డబ్బాను మాత్రం ముట్టుకోలేదు. దాన్ని గడపలోనే వదిలేసి, గోడకు ఆనుకొని చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

"చెల్లె, ఒక్కసారి మాట్లాడరాదు. మనిషి పరేషాన్ల ఉన్నడు. తిండి గూడ సక్కగ తింటలేడు" అని నా పెనిమిటి మళ్ళీ కాల్ కలిపి ఫోన్ ఆమె ముందుకు చాపాడు.

ఆమె తల ఎత్తలేదు. "బువ్వ వండుత. తినిపోండ్రి" అంది నాతో. ఫోన్‌తో కాదు, ఆయనతో కాదు, నాతో.

వద్దన్నా వినలేదు. పప్పు, వంకాయ కూర, కారం వేసిన పెరుగు. ఆమె వండుతున్నంతసేపూ ఆ ఫోన్ వంటింటి గుమ్మంలో ఎండుమిరపకాయల డబ్బాకు ఆనించి ఉంది. అందులోంచి అతను మాట్లాడుతూనే ఉన్నాడు. బిడ్డ ఎట్లా చదువుతున్నది, పైకప్పు కురుస్తున్నదా, నీకు మోకాలి నొప్పి తగ్గిందా. ఒక్కదానికీ జవాబు లేదు. నేను మధ్యలో రెండుసార్లు లేచాను. రెండుసార్లూ నా పెనిమిటి "ఇగ అయిపాయె, కూసో" అన్నాడు. భోజనాలయ్యేసరికి ఒంటిగంట దాటింది. మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారని, మళ్ళీ నాలుగింటికే తీస్తారని అప్పుడు చెప్పింది ఆమె. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"అసలు ఏమైంది వదినె?" అన్నాను. ఎట్లాగూ ఇరుక్కున్నాను కదా.

ఆమె చెయ్యి ఆపకుండానే చెప్పింది. "ఈ ఏడు నౌకరి ఇడిసిపెట్టి ఇంటికి వస్తనన్నడు. బిడ్డకు గూడ చెప్పిండు. నేను నలుగురికి చెప్పుకున్న. తర్వాత తెలిసింది, రెండేండ్లకు మళ్ళ కంపెనీల సంతకం పెట్టిండట. నాకు ఒక్క మాట చెప్పలే. ఇంకొకరు చెప్తె తెలిసింది."

గుమ్మంలోని ఫోన్ వెంటనే అందుకుంది. "నేనొక్కన్నే పెట్టిన్నా? బావ గూడ నాతోనే పెట్టిండు, ఒక్కటే దినం పెట్టినం. చెల్లె ఏమన్న అంటున్నదా? ఎంత మంచిగ అర్థం జేసుకున్నదో చూడు, ఇద్దరు కలిసి తిరగొచ్చిన్రు."

ఆమె చుడుతున్న బీడీని చాటలో పెట్టి, ఆ రోజు మొదటిసారి నా ముఖం నిండుగా చూసింది.

"నీకు గూడ చెప్పలేదా?"

నేను లేచి గుమ్మం దగ్గరికి పోయి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "అన్నా, ఇగ పెట్టెయ్" అని నేనే ఎర్రగుర్తు నొక్కేశాను. తర్వాత ఆయనను అడిగాను.

"ఎన్నడు పెట్టినవ్?"

"వచ్చే ముందట."

"అంటే ఇన్ని దినాల సంది నా పక్కన తిరుగుకుంట చెప్పలే."

"చెప్దామనే తోల్కచ్చిన."

"ఎప్పుడు చెప్తువు? డబ్బా ఇచ్చినంకనా? దోస్తు సంసారం సక్కబెట్టినంకనా? ఇంకొకరి ఇంట్ల, ఇంకొకరి నోటెంట వినాల్నా నేను?"

ఆయన చెప్పుల వైపు చూస్తూ "రెండేండ్లే గదనే" అన్నాడు. ఆ మాట ఇదివరకు మూడుసార్లు విన్నాను.

నేను చేతిసంచి తీసుకొని బయటికి నడిచాను. ఆమె కూడా గడప దాకా వచ్చింది. గుడికి తోడు రమ్మన్నాను.

"నేను రాను వదినె. పోతే ఆయన పేరు మీద అర్చన చేయించబుద్ధయితది. ఇప్పుడైతే వద్దు."

గుడి తీసేదాకా ఒక దుకాణం నీడలో నిలబడ్డాను. ఆయన కొంచెం దూరంలో బండి పక్కన నిలబడ్డాడు. ఇద్దరం కొట్లాడుకున్న పిల్లుల్లా. తలుపులు తెరవగానే నేనొక్కదాన్నే లోపలికి పోయాను. ఏళ్ళ తరబడి విన్న యముడి గుడి ముందు నిలబడితే నాకేమీ అనిపించలేదు. అందరిలాగే గండాలు పోవాలని గండదీపంలో నూనె పోశాను. అర్చన దగ్గర పంతులు పేర్లడిగితే నా పేరు, పిల్లల పేర్లు చెప్పి ఊరుకున్నాను. పళ్ళెం చేతికి వచ్చాక వెనక్కి తిరిగి, పరాయి దేశం రోడ్ల మీద బండి నడిపే మనిషి కదా అని, ఆయన పేరు కూడా చెప్పాను. చెప్పినందుకు నా మీద నాకే మంట పుట్టింది. బ్రహ్మ గుడి ఎటువైపో ఎవరినీ అడగలేదు. ఇసుక స్తంభం సంగతి మరిచేపోయాను. ఈ ఊరు ఆయనతో కలిసి చూడాలనుకున్నాను గానీ, ఒంటరిగా చూసి వచ్చి ఆయనకు చెప్పాలని కాదు.

బయటికి వస్తే ఆయన "గోదారి చూస్తవా?" అన్నాడు. తలూపాను. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. ఇసుకలో చాలా దూరం నడవాల్సి వచ్చింది. మెట్ల దగ్గర ఎవరో ఒక కుటుంబం పిండాలు పెడుతోంది. మేము నీటి అంచున నిలబడ్డాము. ఆయన జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. అది మోగి మోగి ఆగాక అన్నాడు.

"ఊళ్ళె నాకేం పనున్నదే? వచ్చినకాడి నుంచి ఎవరన్న గానీ, మళ్ళ ఎన్నడు పోతున్నవ్ అనే అడుగుతరు. ఉంటవా అని ఒక్కడు అడగలే."

"నేనడిగిన."

"నువ్వు గూడ అడగలే. ఎన్నడు ఇడిసిపెడ్తవ్ అని అడిగినవ్. ఇడిసిపెట్టి ఏం జేస్తవ్ అని అడగలే."

నిజమే కావచ్చు. అయినా నా కోపం పిసరంత కూడా తగ్గలేదు. నిజం చెప్పినంత మాత్రాన దాచినది దాచనట్టు కాదు గదా. పొద్దు వాలిపోతోందని, చీకటైతే జగిత్యాల దారి కష్టమని ఆయనే ముందు ఇసుకలో నడక మొదలుపెట్టాడు.

వారం తిరగకుండానే ఆయన వెళ్ళిపోయాడు. నెల తర్వాత ధర్మపురి నుంచి ఆమె ఫోన్ చేసింది. డబ్బాను బిడ్డ విప్పిందట, ఖర్జూరాలు పక్కిండ్లకు పంచిందట, దుప్పటి మాత్రం తాను కప్పుకుంటున్నదట. భర్త ఫోన్ ఇంకా ఎత్తడం లేదు. నేను మా ఆయన ఫోన్ ఎత్తుతున్నాను. ఏం వండినవ్ అంటాడు, చెబుతాను. పిల్లల ముచ్చట అడుగుతాడు, చెబుతాను. ఇడిసిపెట్టి వస్తే ఏం చేస్తావని మాత్రం నేను ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర జవాబు లేదని తేలిపోతుందేమో అని నా భయం. ఆ భయాన్ని కూడా కోపంలాగే చూపిస్తున్నాను.