కోదండరామి రెండో సుడి

బళ్ళారి వైపు బండ్రి ఊళ్లో నాగలక్ష్మమ్మంత పిసినారి లేదని ఊరంతా అనేది. మొగుడు కోదండరామికి సొంత టిప్పరుంది. గనుల్లోంచి ఎర్రమన్ను తోలి తోలి, రేకుల ఇల్లు పీకి మిద్దె కట్టాడు. అయినా జుట్టు పెరిగితే చాలు, పెరట్లో పీటేసుకుని, మెడచుట్టూ పాత లుంగీ కప్పుకుని, పెళ్లాం కత్తెర కింద తలొంచాల్సిందే.

"టిప్పరుకు టైర్లు కొనేవానికి క్రాపు దుడ్లు బరువైనాయా మే?" అని ఎకసెక్కాలాడేది పక్కింటి పక్కీరమ్మ.

"మిగిలితే చేదా?" అనేది నాగలక్ష్మమ్మ.

అసలు సంగతి దుడ్లు కాదు. పెళ్లైన కొత్తలో చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు నిజంగా మిగులుతుందనే కత్తెర పట్టింది. నడినెత్తిన నాలుగు వెంట్రుకలు తీసేసరికి కింద రెండు సుడులు, కవలపిల్లల్లా పక్కపక్కనే! మగవాడికి రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మన వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.  ఆనాటి నుంచి ఆ తలను ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. చుట్టూ కత్తిరించి, నడినెత్తిన మాత్రం దట్టంగా వదిలేది, గంప కింద కోడిపిల్లల్ని మూసినట్టు.

గనులు జోరందుకున్నాక ఆమె కుళ్లుకు మేత దొరికింది. యశ్వంతనగర్‌లో లారీలు తూచే కాటా దగ్గర రోహిణి అనే పిల్ల చీటీలు రాసే పనిలో చేరింది. అంతే, సాయంత్రం మొగుడు లారీ దిగితే నాగలక్ష్మమ్మ ముందు మొహం చూసేది.

"డ్రైవర్లంతా కోతుల మాదిరి ఎర్రగొస్తాంటే నీ మొగమొక్కటే ఎట్ల తెల్లగుండాది?"

"కాటా కాడ కొళాయుంటే కడుక్కుంటి."

"ఆ కొళాయి పేరు రోహిణా?"

ఇంతలో ఓరోజు టైర్ల కోసం బళ్ళారి పోయిన మనిషి, బ్రూస్‌పేట సెలూన్లో నున్నగా క్రాపు కొట్టించుకుని, పౌడరు వాసనతో దిగాడు.

"ఎవురు చూడాలని ఈ సోకు?" నాగలక్ష్మమ్మ మాట పూర్తికాకముందే గోడవతల నుంచి పక్కీరమ్మ కేక.

"అయ్యయ్యో కోదండరామన్నా, రెండు సుడులు! అయితే ఇంకో పప్పన్నం పెడతావన్నమాట!"

వీధి వీధంతా నవ్వింది. నాగలక్ష్మమ్మ పొయ్యి వెలిగించలేదు. తిన్నగా పోయి అత్త మద్దమ్మ ముందు నిలబడింది.

"తెలిసే కట్టబెట్టినావా అత్తా?"

మద్దమ్మ వక్క నములుతూ తాపీగా చెప్పింది. "తెలీకేం? పెండ్లిచూపులకు తలకు రుమాలు చుట్టి కూకోబెడితిని. విప్పి చూడకపోయింది మీ నాయన."

"అయితే రెండోది తప్పదా?"

"నెత్తిన రాసినాక తప్పుతాదా? అయినా రెండు పెండ్లిండ్లని రాసినారు గానీ ఇద్దరు పెండ్లాలని యాడ రాసినారే?"

 నాగలక్ష్మమ్మ లోపలికి పోయి, పసుపుకొమ్ముకు దారం కట్టి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"కట్టు."

"మెడలో ఒకటుండాది గదే! నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"అది మొదటి పెండ్లిది. ఇది రెండోది. ఇంకెవురన్నా మనసులో ఉంటే ఇప్పుడే చెప్పు, ఈ దారం కాటా కాడికి పంపిస్తా."

"కట్టి పారేయప్పా, ఊరికే యాల రచ్చ," అంది మద్దమ్మ, చాటలోని బియ్యం గుప్పిట పట్టుకుని. కోదండరామి నవ్వాపుకుంటూ మూడు ముళ్లేశాడు. ముసలమ్మ బియ్యం చల్లింది.

అప్పుడు వెలిగింది పొయ్యి. నాగలక్ష్మమ్మ పప్పన్నం వండి, నెయ్యి పోసి, మొదటి గిన్నె పక్కీరమ్మ చేతిలో పెట్టింది. "అడిగితివి గదా, తిను."

మళ్లీ జుట్టు పెరిగింది. కోదండరామి చొక్కా తొడుక్కున్నాడు. "ఇంగ నీకు భయమేముండాది? బ్రూస్‌పేటకు పోయొస్తా."

"పెండ్లైతే దుడ్లు చెట్లకు కాస్తాయా? కూకో."

ఈసారి నడినెత్తిన గంప తీసేసింది. రెండు సుడులూ ఎండలో తళతళలాడేలా కురచగా కత్తిరించి, లుంగీ దులిపింది.

"కాటా కాడ తలగుడ్డ చుట్టుకోవద్దు. ఆ పిల్ల బాగా చూడనీ."

"చూసి అడిగితే?"

"రెండూ అయిపోయినాయని చెప్పు."