తీపి నీటి కింద ఉప్పు

బందరులో మా పక్కింటివాళ్లు బోరు వేయిస్తున్నారు. ఎంత లోతుకు దిగారోనని పొద్దుటి నుంచి గోడ దగ్గరకు తిరుగుతూనే ఉన్నాను. ఆ మోతకు కాలు నిలవడం లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వైశాఖంలో, నాగాయలంక దగ్గర మా ఇసుక దొడ్లోని చెలమ అడుగంటింది. తాగడానికి అవే నీళ్లు. బాబాయి పార తీశాడు.

"ఇంక లోతు చెయ్యకురా," అంది నాయనమ్మ.

"లోతుకెళ్తేనేగా నీళ్లొచ్చేది? నువ్వూరుకోమ్మా."

నీళ్లు నిజంగానే ఉబికాయి. ముందుగా దోసిలి పట్టింది నేనే. నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఉప్పు.

నాయనమ్మే కోపంతో ఉప్పు కలిపిందనుకున్నాను. వంటింట్లోకి పరుగెత్తి జాడీ మూత తీశాను. నిండుగానే ఉంది. వాననీరు తేలికనీ, మా నేల కింద ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతుందనీ, ఎక్కువ తవ్వితే కిందిది పైకి వస్తుందనీ పెద్దయ్యాక చదివాను.

ఆ వేసవంతా బాబాయి దూరపు చెరువు నుంచి కావిడితో నీళ్లు మోశాడు. నాయనమ్మ గుమ్మంలో ఎదురొచ్చి బిందెలు దించుకునేది. తొలకరి కురిసిన మర్నాడు అతను చెలమ దగ్గర వంగి రుచి చూస్తున్నాడు.

"ఇంకా ఉప్పేనా బాబాయ్?"

"కాస్త తగ్గినట్టుందే. నువ్వు చూడు."

చూశాను. తగ్గలేదు. తగ్గిందనే చెప్పాను.