బంటిని ‘మీరు’ అన్న మా వార్డెనమ్మ

మా వార్డెనమ్మ పోయారు. మొన్న పొద్దున అన్నం వారుస్తుంటే ఆమె చూసుకునే ఇంటి వంటామె ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేరు" అంది. గంజి పొయ్యి మీద ఒలికిపోతున్నా అలాగే నిలబడిపోయాను.

మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు మారేడ్‌పల్లిలో ఒకటుంది. ఏ సందులోనో చెప్పను. చెప్పకూడదన్నది ఆమె నేర్పిన మొదటి పాఠం. యాప్రాల్ నుంచి ఆటోలో అక్కడికి చేరినప్పుడు నా చేతిలో సంచీ కూడా లేదు, మా కుక్క బంటి గొలుసు తప్ప. అంతకుముందు ఒకసారి నేను పుట్టింటికి పోతే, మా ఆయన దాని కాలు విరగ్గొట్టి ఫోన్లో ఆ ఏడుపు వినిపించాడు. ఆ రోజే అతని దగ్గరికి తిరిగి వెళ్లిపోయాను.

"కుక్కల్ని రానివ్వకూడదమ్మా, రూలు" అన్నారామె, గుమ్మంలోంచి వెనక్కి జరుగుతూ. ఆమెకు కుక్కలంటే చచ్చేంత భయం.

"గట్లయితే నేను సుత వాపస్ పోతా మేడమ్. దీన్ని ఇడిసిపెడితే సంపుతడు."

ఆమె బంటి కుంటికాలి వంక చాలాసేపు చూశారు. "కమిటీవాళ్లకు నేను చెప్పుకుంటాలే. ముందు లోపలికి రండి."

ఆ ‘రండి’ నాకే అనుకున్నాను. కాదు, నన్ను ఎప్పుడూ ‘నువ్వు’ అనే అన్నారు. మర్యాదంతా బంటికే. "అటు జరగండి బాబూ." "పాలు తాగారా?" మేము పడీపడీ నవ్వితే, "గౌరవంగా పిలిస్తే కరవరేమోనని!" అనేవారు. భయం తగ్గాక కూడా ఆ పిలుపు మారలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆయన గేటు ముందుకొచ్చాడు. ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. తలుపు వెనక నేను బంటి మూతి నొక్కిపట్టుకుని కూర్చున్నాను. దాని గొంతులో గురగుర మొదలైంది. ఒక్కసారి మొరిగిందా, అయిపోయామే. ఆ మొరుగుడు అతను ఎక్కడైనా గుర్తుపడతాడు.

"నా పెండ్లాం కుక్కని పట్టుకొని గీడికే వచ్చిందట. గేటు తీయ్. లోపలెవరున్నరో నేనే చూసుకుంట."

"మీ ఆవిడెవరో నాకు తెలీదు బాబూ" అన్నారు వార్డెనమ్మ, గేటుకు ఇవతల నిలబడి.

గేటు గడియ కదిలింది. బంటి నా చేతుల్లోంచి జారి లేచి తలుపును గుద్దేసింది. వార్డెనమ్మ ఇటు తిరిగి, రోజూ అనే గొంతుతోనే అన్నారు: "మీరు లేవకండి. కూర్చోండి. నేను మాట్లాడుతున్నాను కదా."

బంటి కూర్చుంది. గడియ చప్పుడు ఆగింది.

"లోపల... ఎవరున్నరు?" ఇందాకటి జోరు లేదు ఆ గొంతులో.

"చూస్తానన్నారుగా, రండి మరి."

పోలీసాయన అనుకున్నాడో, ఇంకెవరనుకున్నాడో. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆ ‘కూర్చోండి’ ఎత్తు కాదట. భయంలో అలవాటు మాటే నోటికొచ్చిందట. "నీ మొగుడికన్నా ఈయన బయటికి దూకుతారనే హడలిపోయానమ్మా" అన్నారు, టీ గ్లాసు కింద పెడుతూ. ఆ సాయంత్రమే మమ్మల్నిద్దరినీ రాంగోపాల్‌పేట్‌లో తన చెల్లెలింటికి మార్చారు. నా తర్వాత పిల్లితో వచ్చినామెను కూడా గుమ్మంలో ఆపలేదట. ఆ మొదటిరోజు ఆమె రూలే పట్టుకుని కూర్చుంటే నేను వెనక్కి పోయేదాన్ని, ఇవాళ ఇది రాయడానికి ఉండేదాన్ని కాను.

నిన్న భూస్థాపన అయ్యాక బంటితో ఆ మారేడ్‌పల్లి ఇంటికి వెళ్లాను. ముందుగదిలో ఆమె కుర్చీ ఎదుట అది నిలబడే ఉంది. "కూర్చో" అన్నాను. వినలేదు. ఆమెలాగే, "కూర్చోండి" అన్నాను.

బంటి చటుక్కున తోక ఊపి, నన్ను దాటి, నా వెనక గుమ్మం వైపు చూసింది.