ఒక్క గోలూ కొట్టని మా బావ

చెన్నకేశవస్వామి మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మా మేనత్త కొడుకు పదకొండేళ్లు గోవాలో జీతానికి ఫుట్‌బాల్ ఆడాడు. గోల్‌కీపర్. చేతికి టీ గ్లాసిచ్చినా రెండు చేతులా అందుకుని ఛాతీకి అదుముకునేవాడు. కుర్రతనంలో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో లారీ మీద నిలబడి, కిందినుంచి విసిరే పలకల కట్టలు పట్టేటప్పుడు అబ్బిన అలవాటది. ఒక్కటి జారినా ముక్కలే.

ఆట మానేసి వచ్చాక ఆయన కోరింది ఒక్కటే, మా స్కూల్లో కోచ్ పని. సన్మానం రోజున స్కూలు కమిటీ పెద్దాయన శాలువా కప్పి, పేరు రాసిన పలక బహూకరించి, మైకులోనే అడిగాడు.

"ఇన్నేండ్లలో ఎన్ని గోల్స్ కొట్టినావు నాయనా?"

"నేను కొట్టేటోణ్ణి కాదు పెదనాయనా, ఆపేటోణ్ణి."

"ఏంది, ఒక్కటి గూడా కొట్టలేదా?"

వెనకనుంచి ఎవడో దరిద్రుడు అరిచాడు: "అంటే డకౌటన్నమాట!"

సభంతా విరగబడి నవ్వింది. "కొట్టను రానోడు పిల్లోళ్లకేం నేర్పుతాడబ్బా?" అని పెద్దాయన ఆ పని తన అల్లుడికి ఇచ్చేశాడు. అల్లుడికి బంతంటేనే భయం!

నాకు ఒళ్లు మండిపోయింది. స్టేజీ ఎక్కి, ఆ పలక లాక్కుని పెద్దాయన మొహానికేసి విసిరాను. బావ అడ్డంగా దూకి, గాల్లోనే పట్టి ఛాతీకి అదుముకున్నాడు.

"పో బామ్మర్దీ, పోయి కూచో."

సరే, ఒప్పుకుంటున్నాను. నేను స్టేజీ ఎక్కలేదు, పలక విసరలేదు. అది కల్పన. బావ ఆ పలకను ఛాతీకి అదుముకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వెనకనుంచి అరిచిన ఆ దరిద్రుణ్ణి మాత్రం కల్పించలేదు. వాడు నేనే.