హిందూపురంలో తలుపవతల విన్న గొంతు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా అక్క సుశీల మగ్గం ముందు కూర్చుని ఐదు నెలలైంది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. తనంతట తాను మాట్లాడటం మానేసింది. బెంగళూరులో డాక్టరుకు చూపిస్తే డిప్రెషన్ అన్నారు. అంత దూరం మళ్లీ మళ్లీ తిరగలేక మందులు మధ్యలోనే ఆపేశాం. సెల్‌ఫోన్లు మా ఇళ్లకు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో టీవీ తెర మీదే బెంగళూరు డాక్టరు చూస్తారని, దాన్ని టెలీమెడిసిన్ అంటారని తెలిసి, పెనుకొండలో ఉండే నేను సెలవు పెట్టి ముందురోజే ధర్మవరం చేరాను.

ఉదయం ఏడింటి ప్యాసింజరు ఎక్కి తొమ్మిదిన్నరకు హిందూపురంలో దిగాం. ఇద్దరి టిక్కెట్లూ కలిపి ముప్పై రూపాయలు కూడా కాలేదు. దారిలో పెనుకొండ కోటగోడలు కనబడగానే "అక్కా, చూడు" అన్నాను. చిన్నప్పుడు ఆ కొండ మీదికి నన్ను వీపున మోసింది తనే. తల తిప్పలేదు. స్టేషన్ బయట ఆసుపత్రి పేరు చెప్పగానే ఆటో అతను, "టీవీ డాక్టరు దగ్గరికేనామ్మా? మా నాయననూ ఆడికే తోలుకపోతాండా. ఇప్పుడు బాగా నిద్రపోతాండాడు" అన్నాడు.

అక్కడి డాక్టరు అక్కను పరీక్షించి వివరాలన్నీ రాసుకున్నాక, నర్సమ్మ మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టింది. తెరలో డాక్టరమ్మ అక్కను అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబిస్తున్నాను. మూడో ప్రశ్నకు ఆమె, "మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అంది. నాకు కోపమొచ్చింది.

"ఆమె మాట ఆమెనే చెప్పనీమ్మా. నేను ఈడే ఉంటా కదా" అంది నర్సమ్మ.

బయట బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అక్క గొంతు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తనదే. నేను ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఆ గొంతు ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడుతోంది. సంతోషించాను, అసూయా పడ్డాను.

తర్వాత నన్ను లోపలికి పిలిచి పద్ధతి చెప్పారు: హిందూపురం డాక్టరు మందులు చూస్తారు, నర్సమ్మ వారం వారం ఫోన్ చేస్తుంది, నెలకోసారి బెంగళూరు డాక్టరమ్మతో మాట్లాడి మోతాదు మారుస్తారు. అలా ముగ్గురూ కలిసి వైద్యం చేస్తారన్నమాట.

తిరుగు రైల్లో అక్కే నోరు విప్పింది. "నేను లేకుంటే అందరికీ మేలనుకుంటా ఉంటి. డాక్టరమ్మకు అదే చెప్పినా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఏడుస్తావు. నిన్ను ఓదార్చే శక్తి నాకు యాడుండాది?"

ఆరు నెలల తర్వాత అక్క మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లింది, రోజుకు గంటో రెండు గంటలో. మునుపటి అక్క పూర్తిగా తిరిగి రాలేదు. ఆమె మీద బెంగ నాకు ఇంకా తీరలేదు. అయినా ఆదివారాలు తనే ఫోన్ చేస్తుంది. ఇలాంటి ప్రయాణానికి బయల్దేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను: మీ మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టాక, ఎవరూ అడగకముందే మీరు లేచి బయటికి రండి.