చక్రవర్తులందరూ యావరేజే

శశికాంత్ కాలేజీ మ్యూజియంలో వాలంటీరుగా చేరింది ప్రాచీన సంస్కృతి మీద భక్తితో అనుకునేరు. రిటైరై ఇంట్లో కూచుని, డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా పేర్చాలో భార్య సుధకి పాఠాలు చెప్పడం మొదలెట్టాడు. ఆవిడే తరిమింది.

మ్యూజియం చూసుకునే దేదీప్య వాళ్ల స్నేహితుల కూతురు, ఇక్కడే అమెరికాలో, క్యారీ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. "అంకుల్, ఈ రోమన్ కాయిన్స్ సార్ట్ చెయ్యండి. మంచివి బీరువాలో. స్కూల్ పిల్లలు టచ్ చేసేవి ఈ డబ్బాలో" అనేసి మీటింగ్‌కి పోయింది.

నాణేలు చిన్న చిన్న కాగితం కవర్లలో ఉన్నాయి. నాణెం మీది అక్షరాలు ఎవరో కవరు మీద పెన్సిలుతో ఎత్తి రాశారు. చాలావాటికి మొదట IMP, చివర AVG. మనవాడికి సందేహమేముంది? టెన్త్‌లో ప్రశ్నల పక్కన IMP అని గీసుకుని గట్టెక్కినవాడు. ఆపైన ఉద్యోగమంతా డేటాబేసుల్లో AVG కొట్టి సగటు తీసినవాడు. IMP ఉంటే ఇంపార్టెంట్, బీరువాలోకి. ఉత్త AVG అయితే కండిషన్ యావరేజ్, పిల్లల డబ్బాలోకి.

దేదీప్య డబ్బా పట్టుకుని స్కూలుకి వెళ్లిన రోజు, గోడకి కొత్తగా తగిలించిన బోర్డు చదివాడు. IMP అంటే ఇంపరేటర్, AVG అంటే అగస్టస్, రోమన్లు U ని V గా రాసేవాళ్లట. రెండూ చక్రవర్తి బిరుదులే! ఏ అపురూపమైన నాణేన్ని పిల్లల చేతుల్లో పోశాడో! ఫోన్ చేస్తే ఎత్తదు. కారు తీశాడు.

క్లాసులో ఒక బుడుగు నాణేన్ని బల్ల మీద బొంగరంలా తిప్పుతున్నాడు.

"ఆపించమ్మా! AVG అంటే యావరేజ్ అనుకున్నాను!"

"యావరేజా? మరి IMP?"

"ఇంపార్టెంట్..."

దేదీప్య గోడకి ఆనుకుని నవ్వింది. "ఓ మై గాడ్, అంకుల్! టెన్షన్ వద్దు. పొద్దున అన్నీ చూసాను. ఇవన్నీ కాన్‌స్టంటైన్ చక్రవర్తి కొడుకుల టైమ్ రాగి కాయిన్స్. అప్పటికి IMP రాయడం చాలావరకు మానేసారు. ఇవి గుట్టలుగా దొరుకుతాయి. నేను సార్ట్ చేసినా ఇవే పెడతాను."

"వెండివి?"

"బీరువాలో. అవి అంతకు ముందువి, IMP ఉన్నవి. మీరే పెట్టారు కదా!"

శశికాంత్ పిల్లల కుర్చీలో కూలబడ్డాడు. ముందు బల్ల దగ్గరి పాప ఒక నాణెం అతని అరచేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ కవర్లే చదివాడు గానీ, ఒక్కదాన్నీ బయటికి తీసి చూసిన పాపాన పోలేదు. చల్లగా ఉంది, ప్రాణానికి హాయిగా ఉంది.